పన్నెండో తలుపు

"లోపల ఎవరండీ? సర్వే! తలుపు తీయండి!"

నారింజ రంగు జాకెట్టు వేసుకున్న అమ్మాయి మూడోసారి తలుపు తట్టింది. ఒక చేతిలో పెయింటు డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షు, చంకలో బారెడు రిజిస్టరు. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎలా ఉంటుంది? ఆ తలుపు వెనకాల అసలు ఇల్లే లేదు.

ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలిసినవాడు సందు మలుపులో, నోట్లో నాలుగు స్క్రూలు పెట్టుకుని, అడుగు ముందుకు పడక చూస్తున్నాడు. అతను ఆ పేటకంతటికీ ఒక్కడే వడ్రంగి. ఆ తలుపు అతని షెడ్డు గోడకి ఆనించి ఉంది. దాని పక్కన ఇంకా పదకొండు తలుపులు, బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి.

ఇక్కడ కాస్త వివరం చెప్పుకోవాలి. ఆ పేటలో కొత్త తలుపన్నది ఎవరింటికీ లేదు. ఊళ్ళో ఎక్కడ పాత భవనం పడగొడితే అక్కణ్ణుంచి తలుపు మోసుకొచ్చి, కోసి, సరిచేసి బిగించుకుంటారు. తొలివాన పడిందంటే చాలు, అవన్నీ అలిగినవాళ్ళ మొహాల్లా ఉబ్బిపోయి కదలనని మొరాయిస్తాయి. అప్పుడు వడ్రంగి వాటిని ఊడదీసి షెడ్డుకి తెచ్చి చిత్రిక పడతాడు. ఆ వారం పది రోజులూ ఆ ఇళ్ళకు దుప్పటో గోనెపట్టానో వేలాడుతుంది.

సరిగ్గా ఆ వారంలోనే పేటకు సర్వే వచ్చింది. నంబరు పడ్డ ప్రతి ఇంటికీ లోపలికే కుళాయి ఇస్తామన్నారు. మొదట వచ్చిన సర్వేయరు 410 ఇళ్ళు రాసి, ఒక సందులో జారి కాలు బెణికించుకుని ఇంటికి పోయాడు. పోతూ పోతూ, మొత్తం 422 ఇళ్ళని మ్యాపులో ఉంది, పన్నెండు తగ్గాయి, ఎక్కడున్నాయో వెతికి పట్టుకోమని ఈ అమ్మాయికి రిజిస్టరు అప్పజెప్పాడు. తలుపు లేని ఇళ్ళు ఖాళీవనుకుని తానే దాటేసిన సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమె పొద్దున్నంతా వెతికింది. చివరికి ఈ సందులో వరసగా పన్నెండు తలుపులు కనిపించాయి. ఆ పేటలో ఇల్లంటే తలుపున్నర వెడల్పే. అనుమానం రావడానికి ఏముంది? ఎదురుగా మిషను కుట్టుకుంటున్న టైలరు అత్తని, "ఇవి ఎవరివండీ?" అని అడిగింది. అత్త తలెత్తకుండానే, "అన్నీ తలుపులోడివే" అంది.

ఒక్కడికి పన్నెండు ఇళ్ళా అని ఆశ్చర్యపోయి, పదకొండు తలుపుల మీద 411 నుంచి 421 దాకా దట్టంగా ఎర్రరంగుతో నంబర్లు వేసేసింది. రిజిస్టరులో 'తలుపులోడు, ఇంటికి తాళం' అని పదకొండుసార్లు రాసింది. ఇప్పుడు పన్నెండోదాని దగ్గర నిలబడింది.

"మ్మ్! మ్మ్మ్!" అన్నాడు వడ్రంగి. నోట్లో స్క్రూలున్నప్పుడు ఎవరైనా అంతే అనగలరు.

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ ఆసరాకి తలుపు మీద చెయ్యి వేసింది. తలుపు కింద తడినేల, వెనక నున్నటి రేకు గోడ. అది మెల్లగా ఒరిగి, ఆమె నెత్తి మీదికి రాసాగింది. అతను స్క్రూలు ఉమ్మేసి, ఒక్క ఉరుకున వచ్చి దాన్ని పట్టుకున్నాడు. ఆమె చేతిలోని బ్రష్షు అతని చొక్కా మీద చెవి దాకా ఒక గీత గీసి కిందపడింది. రిజిస్టరు పడింది, పెన్సిలు పడి విరిగింది.

ఇద్దరి మధ్యా తలుపు. దాని పక్కనుంచి ఆమె తొంగి చూసింది. వెనకాల రేకు. పక్క తలుపు వెనకాల చూసింది. అక్కడా రేకే.

"ఇళ్ళేవీ?" అంది నీరసంగా.

"ఇళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయండీ. తలుపులే వచ్చాయి, మరమ్మతుకి."

టైలరు అత్త మిషను ఆపి మరీ నవ్వింది. ఆ అమ్మాయి అతని పనిబల్ల మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, తిరిగిన నీళ్ళను కోపంతో ఆపేసింది.

"మరమ్మతు తలుపులైతే బోర్డు పెట్టుకోవాలి కదా!"

"తలుపులకి అడ్రసు అడుగుతారని నాకేం తెలుసు?"

"ఇవాళే చేరానండీ నేను. శనివారం సాయంత్రం ఐదింటికి సూపర్‌వైజరు వచ్చి ఆఖరి పేజీ మీద సంతకం పెడతారు. ఈ పెయింటు ఉతికినా పోదు, చెరిపినా పోదు."

"నా చొక్కా చూస్తే తెలుస్తూనే ఉంది."

ఆమె అతని చొక్కా వైపు చూసింది. నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. అతనికి ఆ ఆపుకున్న నవ్వు ఎందుకో బాగా నచ్చింది. అది బయటికి వస్తుందంటే ఇంకో చొక్కా కూడా ఇచ్చేసేవాడు.

రిజిస్టరు తీసి దుమ్ము దులిపి చూశాడు. "ఇదంతా పెన్సిలుతోనే రాశారే?"

"అనుమానం ఉన్నవి పెన్సిలుతో రాస్తాను. ఖాయమయ్యాక పెన్నుతో."

"అయితే దిగులెందుకు? ఏ తలుపు ఏ ఇంటిదో నాకు తెలుసు. నేను ఒక్కోటీ తీసుకెళ్ళి బిగిస్తాను. మీరు వెనకే వచ్చి, ఆ ఇంటివాళ్ళ వివరాలు రాసుకోండి. నంబరు ఎలాగూ తలుపుతోపాటే వస్తుంది."

ఆమె కాసేపు ఆలోచించింది. లెక్క సరిపోయింది. మొహం విప్పారింది. "మరి పన్నెండోది? ఇది ఎవరిది?"

అతను ఆ తలుపును గోడవైపు తిప్పి, పైన గోనెపట్టా కప్పేశాడు. "అది... ఇంకా పూర్తి కాలేదు." తరవాత చెవి మీదున్న ఎర్ర పెన్సిలు తీసి ఇచ్చాడు. "మీది విరిగిపోయింది కదా. ఇది ఉంచండి."

వడ్రంగి తన చెవి మీది పెన్సిలు ఇంకొకరికి ఇవ్వడం పేటలో ఎవరూ చూసి ఎరగరు. టైలరు అత్త చూసింది. అత్త చూసిందంటే పేట చూసినట్టే.

ఆ రోజే, బుధవారం మధ్యాహ్నం నుంచి ఊరేగింపు మొదలైంది. ముందు నెత్తిన తలుపుతో వడ్రంగి, వెనకాల రిజిస్టరుతో సర్వే అమ్మాయి. ఆ సందులు ఎంత ఇరుకంటే, ఎదురెదురు ఇళ్ళవాళ్ళు ఒకేసారి తలుపులు తెరిస్తే రెండూ ఢీకొంటాయి. మలుపు వచ్చిందంటే తలుపును నిలువుగా దింపి, తిప్పి, మళ్ళీ ఎత్తుకోవాలి.

"కుడికి... కుడికి... అయ్యో, అది మీ కుడి కాదు, నా కుడి!"

"ఇద్దరం ఒకవైపే నడుస్తున్నాం. ఇద్దరికీ ఒకటే కుడి!"

"మరి గోడకెందుకు కొట్టుకున్నారు?"

"మీరు కంగారు పెట్టారు గనక."

ప్రతి తలుపుకీ ఒక గతం ఉంది. 411 ఒక ఆసుపత్రి నుంచి వచ్చింది. దాని మీద 'డాక్టరు గారు లోపల ఉన్నారు' అని ఇంకా చెరగలేదు. లోపల ఉండేది మూటలు మోసే తాతయ్య. కొత్తవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి దగ్గు గురించి చెప్పుకుంటూనే ఉంటారట. ఆయన కూడా ఓపిగ్గా విని, వేన్నీళ్ళు తాగమంటాడట. 414 మీద 'మేనేజరు' అని ఇత్తడి అక్షరాలున్నాయి. అది నాలుగిళ్ళలో పాచిపని చేసే అక్క ఇల్లు.

"ఇంటి యజమాని ఎవరు?" అని అమ్మాయి అడిగింది.

"నేనే" అన్నాడు ఆ ఇంటాయన.

అక్క ఊడుస్తున్నది ఆపింది. చేతిలో చీపురుతో తలుపు మీది అక్షరాలు చూపించింది. ఆయన గొంతు సవరించుకుని, "ఆవిడ పేరే రాసుకోండి" అన్నాడు.

గురువారం నాడు 417 మోసుకెళ్తుంటే వాన పట్టుకుంది. చినుకు కాదు, ఏకంగా కుండపోత. తలదాచుకోవడానికి అరుగైనా లేదు. అతను తలుపును నెత్తిన అడ్డంగా పట్టుకుని, "రండి కిందకి!" అని అరిచాడు. రిజిస్టరు తడవకూడదని ఆమె వచ్చింది. అలాగని రిజిస్టరుకే చెప్పుకుంది.

ఒక తలుపు కింద ఇద్దరు. పైన వాన దరువేస్తోంది. పక్కనే వీధి కుళాయి దగ్గర బిందెలు వాటంతటవే నిండుతున్నాయి.

"మాదీ ఇలాంటి పేటే, రైలు పట్టాలకి అవతల" అంది ఆమె. "రెండేళ్ళ కిందట మాకు ఇంట్లోకి కుళాయిలు వచ్చాయి."

"హాయిగా ఉందా?"

"నీళ్ళకి హాయే. మా అమ్మే పాపం, మొదట్లో బిందె పట్టుకుని వెళ్ళి ఆ పాత కుళాయి దగ్గర నిలబడేది. నీళ్ళకోసం కాదు. ఎవరైనా వస్తారేమో, మాట్లాడతారేమో అని." ఒక క్షణం ఆగి నవ్వేసింది. "ఇప్పుడు మా ఇనప తలుపు కిర్రుమన్న చప్పుడే ఆవిడకి కాలక్షేపం. నేనొచ్చానని వీధంతా తెలుస్తుంది."

"మడతబందులకి నూనె వెయ్యాలి."

"ఎవరు వేస్తారు?"

నేను వస్తాను అనాలి. నోటిదాకా వచ్చింది. అక్కడే వెనక్కి పోయింది. "ఎవరో ఒకరు వేస్తార్లెండి" అన్నాడు.

ఆమె చటుక్కున అటు తిరిగి వాన వంక చూడసాగింది. ఆ సాయంత్రమంతా అతను చిత్రిక పడుతూ తనను తాను తిట్టుకున్నాడు. ఒక తలుపు అవసరానికి మించి సన్నబడింది. అసలు మధ్యాహ్నం ఆ వాన కాసేపటికే వెలిసింది. అతను తలుపు దించలేదు, ఆమె దించమనలేదు. పనికెళ్ళి తిరిగొస్తున్నవాళ్ళు ఎండలో తలుపు కింద నిలబడ్డ ఆ ఇద్దర్నీ చూసి, పక్కకి ఒదిగి, మర్యాదగా దాటిపోయారు.

శుక్రవారానికి పదకొండూ పూర్తయ్యాయి. మిగిలింది 422.

"ఇంకొక ఇల్లు ఉండాలండీ. తలుపు లేని ఇల్లు ఇంకెవరిది?"

అతను తల గోక్కున్నాడు. తరవాత రెండు సందులు దాటించి, ఒక పూల పరదా ముందు నిలబెట్టాడు.

"ఎవరిల్లు ఇది?"

"మాదే."

ఆమె పరదా వంక చూసింది, అతని వంక చూసింది. "పేటంతటికీ తలుపులు బిగించేవాడి ఇంటికి తలుపు లేదా?"

"మా నాయనమ్మని అడగండి."

నాయనమ్మని అడగడం అంత తేలిక కాదు. పేటలో ఆ వైపు నలభై ఇళ్ళకి ఒకటే కుళాయి. ఆ కుళాయికి ఒకటే నాయనమ్మ. ముప్పై ఏళ్ళుగా కుళాయి ఎదుటే తన గుమ్మంలో పీట వేసుకుని, ఎవరి బిందె ముందు, ఎవరిది వెనక, ఎవరింట్లో పసిబిడ్డ ఉంది, ఎవరికి షిఫ్టుకి టైమైంది అని తేల్చేది ఆవిడే. ఆవిడ కేకేస్తే బిందెలు కూడా సర్దుకుని నిలబడతాయని అంటారు.

"నీ వయసెంత నాయనమ్మా?" అని అడిగింది అమ్మాయి.

"అరవై."

"మీ మనవడు డెబ్బై రెండన్నారే?"

"వాడి మొహం. యాభై ఎనిమిది రాసుకో."

ఆమె ఎర్ర పెన్సిలుతో రాసుకుంది. "నాయనమ్మా, తలుపు లేకపోతే నంబరు వెయ్యకూడదని రూలు. పరదా ఉంటే ఇల్లు కింద లెక్క రాదు. రేపు ఐదింటిలోగా తలుపు పెట్టకపోతే మీ ఇంటికి కుళాయి రాదు."

"రాకపోతే పీడా పోయింది. నాకు తలుపూ వద్దు, కుళాయీ వద్దు. వీడికి పెళ్ళాం వచ్చాక కావాలంటే పెట్టుకోమను. ఇప్పుడు మా ఇద్దరికీ ఏం రహస్యాలున్నాయని?"

వడ్రంగి బయటికి వచ్చాడు. ఆమె వెనకే వచ్చింది. తొలిసారి అతని మాటలో ఎగతాళి లేదు.

"ఆవిడకి మోకాళ్ళు పనిచెయ్యడం లేదు. పేటంతటికీ ఇంట్లోకి నీళ్ళొస్తే ఈ వీధి కుళాయి తీసేస్తారు. అప్పుడు మా నాయనమ్మ ఈ వయసులో ఎవరింటికి వెళ్ళి బిందె పట్టుకుని నిలబడాలి? ఆవిణ్ణి ఒప్పించడం నావల్ల కావడం లేదండీ. మీరు ఎలాగైనా నంబరు వెయ్యండి."

"ఇల్లు లేనిచోట నంబరు వేసి నేను ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాను" అంది ఆమె మెల్లగా. కానీ ఆమెకీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం నాలుగింటికి వడ్రంగి పన్నెండో తలుపును మోసుకుని ఇంటికి వచ్చాడు. గోనెపట్టా తీసేసరికి సందులో అందరూ నోళ్ళు తెరిచారు. మూడేళ్ళుగా దొరికిన మంచి టేకుముక్కలన్నీ ఏరి, అతుకు కనిపించకుండా కలిపి, అద్దంలా నునుపు చేసిన తలుపు. దాని మీద ఏ ఆసుపత్రి పేరూ లేదు, ఏ ఆఫీసు పేరూ లేదు. ఆ పేటలో అదొక్కటే కొత్త తలుపు.

"మొదటిరోజు మీరు తట్టింది మా ఇంటి తలుపేనండీ" అన్నాడు అమ్మాయితో. "మూడేళ్ళ కిందటే మొదలుపెట్టాను. ఆవిడ ఒప్పుకోక అక్కడే ఉండిపోయింది."

ఆమె ఏదో అనబోయింది. ఈలోగా నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

"నన్ను దాటి బిగించు చూస్తాను!"

"నాయనమ్మా, గంట కూడా లేదు!"

"లేకపోతే లేకపోనీ!"

అతను బతిమాలాడు, కోప్పడ్డాడు, తలుపును కింద పడేసినంత పనిచేశాడు. అప్పుడు సర్వే అమ్మాయి వచ్చి నాయనమ్మ పక్కన నేల మీద చతికిలబడింది. రిజిస్టరు మూసేసింది.

"కుళాయి ఇంట్లోకి వస్తే నీ దగ్గరికి ఎవరూ రారనా నాయనమ్మా?"

నాయనమ్మ చాలాసేపు కొంగు సవరించుకుంది.

"ముప్పై ఏళ్ళే అమ్మాయ్. పొద్దున లేస్తే నలభై మంది మొహాలు చూస్తాను. ఇక అందరూ ఎవరి కుళాయి వాళ్ళు తిప్పుకుంటారు, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు. నేను మాత్రం ఈ చెక్కముక్క వెనకాల కూర్చుని ఎవరితో పోట్లాడాలి?"

వడ్రంగి తల దించుకున్నాడు. మూడేళ్ళు చేశాడు, ఒక్కసారి కూడా ఆవిణ్ణి ఎందుకని అడగలేదు.

అమ్మాయి లేచింది. తలుపును పీట పక్కన నిలబెట్టించి, ఎర్ర పెన్సిలు తీసి, నాయనమ్మ గడ్డం ఎత్తుకి సరిగ్గా ఒక అడ్డగీత గీసింది.

"ఇక్కడికి కోసెయ్యండి."

"ఏమిటీ?"

"కింది సగం చాలు. నాయనమ్మ కూర్చుంటే సందంతా కనిపిస్తుంది. సందుకి నాయనమ్మ కనిపిస్తుంది."

"మూడేళ్ళండీ!" అన్నాడతను, ఏడుపొక్కటే తక్కువగా. "ఒక్క అతుకు కనపడకుండా చేశాను!"

"ఇరవై నిమిషాలే ఉన్నాయి."

అతను గీత వంక చూశాడు. నాయనమ్మ వంక చూశాడు. ఆవిడ కళ్ళు ఆ గీత మీదే ఉన్నాయి, వద్దనడం లేదు. రంపం తీశాడు.

సూపర్‌వైజరు వచ్చేసరికి ఆఖరి స్క్రూ బిగుస్తోంది. 422 అంకె ఇంకా ఆరలేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని అరతలుపును పైనుంచి కిందకి చూశాడు. అది చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు.

"మిగతాది ఏదీ?"

"తలుపు ఎంత ఎత్తుండాలో రూల్సు పుస్తకంలో రాయలేదు సార్" అంది అమ్మాయి. "గడియ ఉండాలి, మూసుకోవాలి అని ఉంది. గడియ ఉంది. మూసుకుంటుంది."

ఆయన పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. తరవాత గడియ మీద చెయ్యి వేశాడు.

"ఎవరది?" అని లోపల్నుంచి గర్జించింది నాయనమ్మ. "చెప్పులు విడిచి రా!"

సూపర్‌వైజరు చెప్పులు విడిచాడు. తరవాత గుర్తొచ్చి మళ్ళీ వేసుకున్నాడు. "ఇల్లే" అని ఒప్పుకుని, "పేజీ పూర్తిచేసి పట్టుకురా" అని పక్కింటి గుమ్మంలో కూర్చుని టీ అడిగాడు.

వడ్రంగి అప్పటికే పై సగానికి నాలుగు కాళ్ళు కొట్టి గుమ్మం పక్కన వేశాడు. నునుపైన టేకుబల్ల. కుళాయి దగ్గరున్న ఇద్దరు అమ్మలక్కలు బిందెలు పక్కన పెట్టి, వెంటనే ఎక్కి కూర్చున్నారు. ఎవరు ముందు కూర్చోవాలో నాయనమ్మ అప్పుడే తీర్పు చెబుతోంది.

అమ్మాయి అరతలుపు మీద రిజిస్టరు ఆనించి రాయసాగింది. తలుపుకి ఇటు ఆమె, అటు అతను.

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరు" అన్నాడు. తరవాత గురువారం నాటి వాన గుర్తొచ్చింది. ఈసారి మాట వెనక్కి పోయేలోపే అనేశాడు. "ప్రస్తుతానికి."

ఆమె పెన్ను ఆగింది. "ప్రస్తుతానికి అనే గడి ఇందులో లేదు."

"మీ ఇంటి తలుపుకి నూనె నేను వేస్తాను. ఆ రోజే చెప్పాల్సింది. రేపే వస్తాను. నువ్వు వద్దంటే నూనె మాత్రం వేసి వచ్చేస్తాను."

అండీ ఎగిరిపోయిన సంగతి ఇద్దరూ గమనించారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని 'ఇద్దరు' అని పెన్నుతో రాసింది. తరవాత పెన్ను పక్కన పెట్టి, ఎర్ర పెన్సిలు తీసి, చివరి గడిలో ఏదో చిన్నగా రాసింది.

"ఏం రాసింది? ఏం రాసిందే?" అంది చదువురాని నాయనమ్మ.

టైలరు అత్త ఎప్పుడు వచ్చిందో, భుజం మీదుగా తొంగి చూసి సందంతటికీ వినిపించేలా చదివింది. "రిమార్కులు. కుటుంబం పెరిగే అవకాశం ఉంది."

బల్ల మీదివాళ్ళు గొల్లున నవ్వారు. వడ్రంగి ఏం చెయ్యాలో తెలియక గడియ తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. అరతలుపు మీదుగా చెయ్యి చాచి, అమ్మాయి చేతిలోంచి పెన్సిలు లాక్కుంది.

"పెన్సిలు రాతలు నా వయసుకి చాలు. ఇది మాత్రం పెన్నుతో రాయి. రేపు నూనె వెయ్యడానికి వీడితోపాటు నేనూ వస్తున్నానని మీ అమ్మకి చెప్పు. ఆవిడతో నాకు బోలెడు మాట్లాడాల్సింది ఉంది."

అమ్మాయి పెన్ను అందుకుంది. రాయడానికి సరైన ఎత్తు కుదరడం లేదని చెప్పి, ఈసారి తట్టకుండానే, తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.